బ్యాటరీ పోయిందని ఎవరన్నారు?

పొద్దున్నే బండి సెల్ఫ్ తీసుకోకపోతే మన ఊళ్లలో జరిగే తతంగం ఇంచుమించు ఒకటే. పక్కింటాయన చూసి ‘బ్యాటరీ వీకయింది’ అంటాడు. బ్యాటరీ షాపుకు ఫోన్ వెళ్తుంది. కాసేపటికి ఒక కుర్రాడు స్కూటర్ ముందు కొత్త బ్యాటరీ పెట్టుకుని దిగుతాడు. రెండు నట్లు విప్పి పాతది దించుతాడు, కొత్తది ఎక్కిస్తాడు, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది. పాతదానికి ఇంత అని తీసేసి మిగతా డబ్బు పుచ్చుకుని వెళ్లిపోతాడు. బండి కదిలింది కనుక పోయింది బ్యాటరీయేనని ఇంటిల్లిపాదీ తీర్మానించుకుంటారు. తప్పంతా ఆ తీర్మానంలోనే ఉంది. షాపు నుంచి వచ్చే బ్యాటరీ చార్జ్ అయి వస్తుంది. ఆల్టర్నేటర్ పూర్తిగా పోయిన కారునైనా అది స్టార్ట్ చేస్తుంది. రాత్రంతా ఎక్కడో కరెంటు కారిపోతున్న కారునైనా స్టార్ట్ చేస్తుంది. టెర్మినల్ దగ్గర బూజులా పట్టి కరెంటు అందని కారైతే విప్పి, గీకి, బిగించడంతోనే బాగుపడుతుంది. ఆ ఘనత కూడా కొత్త బ్యాటరీ ఖాతాలోనే పడుతుంది. లోపం ఎక్కడున్నా ఒకే ఫలితం ఇచ్చే పరీక్ష, లోపం ఎక్కడుందో చెప్పలేదు. బ్యాటరీ మార్చి చూడటాన్ని మనం పరీక్ష అనుకుంటున్నాం. చాలాసార్లు అది కొన్ని వేల రూపాయలు పోసి కొనుక్కున్న వాయిదా మాత్రమే.

ఇంటి మీద నీళ్ల ట్యాంకును తలుచుకుంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. ట్యాంకే పగిలి ఉండొచ్చు. మోటారు పనిచేయక ట్యాంకు నిండి ఉండకపోవచ్చు. రాత్రంతా ఏదో కుళాయి కారి ఉండొచ్చు. ట్యాంకు నిండుగా ఉన్నా పైపులో చెత్త అడ్డుపడి ఉండొచ్చు. కింద నిలబడినవాడికి మాత్రం నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కారులో బ్యాటరీ ఆ ట్యాంకు. ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ దాన్ని నింపేది ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు చాలామంది దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. బండి ఆగాక కూడా సన్నగా కరెంటు లాగే పరికరాలు కారే కుళాయిలు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు వైరు, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు, వాటి చివర్లలోని క్లాంపులు పైపులు. కుళాయి ఎండిపోయిందని ఎవరూ వెంటనే కొత్త ట్యాంకు కొని తెచ్చుకోరు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం అదే చేస్తాం. బ్యాటరీ ఒక్కటే విడిగా దొరికే వస్తువు, పది నిమిషాల్లో మార్చగలిగేది, ఇంటికే తెచ్చిచ్చేది. నిందితుడు దోషి కావడానికి దగ్గరగా దొరకడం ఒక్కటే కారణమైతే అది విచారణ కాదు.

అసలు బ్యాటరీ చేసే పనెంతో లెక్క వేస్తే చాలా అపోహలు పోతాయి. సీసం పలకలను గంధకామ్లంలో ఉంచి, మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసింది 1859లో. కార్లలో దానికి ఇంత ప్రాధాన్యం వచ్చింది 1912లో, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ క్యాడిలాక్ కార్లలోకి వచ్చాక. చిన్న పెట్రోలు కారు ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు ఉజ్జాయింపుగా 150 ఆంపియర్లు లాగుతుంది. వినడానికి భయంకరంగా ఉంటుంది గానీ అది రెండు సెకన్ల పని. ఆంపియర్ అవర్లలో (ఏహెచ్) చూస్తే ఒకదానిలో పదో వంతు కూడా లేదు. ఆల్టో, స్విఫ్ట్ తరహా పెట్రోలు కార్లలో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీకి అది లెక్కలోకి రాని ఖర్చు. ఒకసారి ఇంజిన్ ఆన్ అయ్యాక హెడ్‌లైట్లు, బ్లోయరు, పెట్రోలు పంపు, పాటలు అన్నీ ఆల్టర్నేటర్ కరెంటుతోనే నడవాలి. ‘ఏసీ వేసుకుని తిరిగితే బ్యాటరీ దిగిపోతుంది’ అనే మాట అందుకే సగం తప్పు. మామూలు కార్లలో ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టు. బ్లోయరుకూ ముందున్న ఫ్యానుకూ కరెంటు కావాలి, దాన్ని ఇచ్చేది ఆల్టర్నేటర్. నడుస్తున్న బండిలో బ్యాటరీ దిగిపోతోందంటే తప్పు ఏసీది కాదు, నింపాల్సినది నింపడం లేదన్నమాట.

ఇప్పుడు మీటరు సంగతి. కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించి మూడు సందర్భాల్లో చూడాలి: బండి నిద్రలో ఉన్నప్పుడు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు. ఒక్క అంకెతో తీర్పు చెప్పేవాళ్లను నమ్మకూడదు. మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే కథ తెలుస్తుంది. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటీ దాదాపు 2.1 వోల్టులు. కాబట్టి నిండుగా చార్జ్ ఉన్న మామూలు బ్యాటరీ కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 దగ్గర చూపిస్తుంది. 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.9 కంటే కిందికి వస్తే ఖాళీ అనే లెక్క. ఇప్పుడే బండి ఆపి చూస్తే మాత్రం అంకె మోసం చేస్తుంది, పలకల పైపైన పేరుకున్న చార్జి వల్ల ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రాత్రంతా ఆగే ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి చూడాలి.

చాలామంది కాలు జారేది ఈ మెట్టు మీదే. మీటరులో 11.8 కనిపించగానే ‘చూశారా, బ్యాటరీ పోయింది’ అంటారు. ఆ అంకె చెప్పింది బ్యాటరీ ఖాళీగా ఉందని. చెడిపోయిందని కాదు. ఖాళీ కావడానికి కారణం ఆల్టర్నేటర్ కావచ్చు, రాత్రి వెలిగిన డిక్కీ లైటు కావచ్చు, నెల రోజులు బండి తీయకపోవడం కావచ్చు. ఖాళీదో చెడిపోయినదో తేల్చాలంటే బయటి చార్జర్ పెట్టి నెమ్మదిగా నింపి, పూట ఆగి, మళ్లీ చూడాలి. నింపాక 12.6 దగ్గర నిలబడి, సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా తట్టుకుంటే దానికి ఏ రోగమూ లేదు. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చచ్చిందని అర్థం. దాన్ని ఎవరూ బతికించలేరు. మూతలు తీయగలిగే రకమైతే హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత చూడొచ్చు. నిండుగా ఉన్నప్పుడు అది 1.265 దగ్గర ఉంటుంది. మిగతా ఐదూ సమానంగా ఉండి ఒక సెల్‌లో తేడా 0.050 దాటితే దొంగ దొరికినట్టే. అయితే ఖాళీ బ్యాటరీని ఖాళీగానే వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి అది నిజంగానే చెడిపోతుంది. షాపులో చెప్పిన మాట ఆలస్యంగా నిజమయ్యేది ఇలాగే.

రెండో అంకె, సెల్ఫ్ కొడుతున్నప్పటిది. సాయానికి ఒకరిని కూర్చోబెట్టి తాళం తిప్పమని, మీటరు మీద చూపు నిలపాలి. వెచ్చటి వాతావరణంలో ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి జారదు. మంచి స్థితిలో ఉంటే 10 పైనే నిలబడుతుంది. విశ్రాంతిలో 12.6 చూపించి, తాళం తిప్పగానే 7కో 8కో కూలిపోతే ఆ బ్యాటరీలో వోల్టులున్నాయి గానీ సత్తువ లేదు. అప్పుడు బ్యాటరీని అనుమానించడం న్యాయం, సెల్ఫ్ మోటారు బిగుసుకుపోలేదని చూసుకున్నాక. అంకె 12.3 దగ్గరే ఉండిపోయి బండిలో ఉలుకూ పలుకూ లేకపోతే బ్యాటరీని తిట్టడం దండగ. కరెంటు అసలు బయల్దేరనే లేదు. రిలే, సోలినాయిడ్, సన్న వైరు, ఆటోమేటిక్ గేరు బండైతే గేరు స్విచ్, తాళాన్ని గుర్తుపట్టని ఇమ్మొబిలైజర్ – వెతకాల్సింది అక్కడ. చెవికి వినిపించేది కూడా ఇదే చెబుతుంది. టకటకా వరసగా కొట్టుకుంటే సాధారణంగా కరెంటు చాలడం లేదు. ‘టక్’మని ఒక్కసారి మోగి ఊరుకుంటే సోలినాయిడ్ లేదా సెల్ఫ్ మోటారు కార్బన్లు. ఇంజిన్ గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే అది ఈ శాఖకు సంబంధించిన కేసే కాదు, పెట్రోలో స్పార్కో చూసుకోవాలి. అలాంటి బండికి కూడా బ్యాటరీ మార్పించేవాళ్లున్నారు.

వైర్లు, క్లాంపుల విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎవరూ చూడనిది, చవగ్గా బాగుపడేది అదే. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. దానివల్ల ఓములో వందో వంతులు రెండు, అంటే 0.02 ఓములు అడ్డు వచ్చిందనుకుందాం. చేతి మీటరు ఓముల్లో పెడితే అంత చిన్న అడ్డును నమ్మకంగా చూపించలేదు. హెడ్‌లైట్లు వేస్తే బ్రహ్మాండంగా వెలుగుతాయి, వాటికి కావాల్సింది పదే ఆంపియర్లు కాబట్టి. సెల్ఫ్ కొట్టి 150 ఆంపియర్లు లాగితే మాత్రం ఆ అడ్డు దగ్గరే 3 వోల్టులు మాయమవుతాయి, 450 వాట్లు వేడిగా మారతాయి. కొట్టీ కొట్టీ ఆపాక క్లాంపు మీద వేలు పెడితే చురుక్కుమంటుంది. అందుకే లైట్లు వెలుగుతున్నాయి కదా అని వైర్లు బాగున్నాయనుకోకూడదు. చూడాల్సిన తీరు వేరు: మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు ముక్కు మీద, రెండో కొనను దాని మీది క్లాంపు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. సున్నాకు దగ్గరగా ఉండాలి. మైనస్ ముక్కు నుంచి ఇంజిన్ లోహానికి ఆనించి మళ్లీ కొట్టించాలి, 0.2 వోల్టులకు మించితే ఎర్త్ వైరును విప్పి శుభ్రం చేయాలి. గోరువెచ్చటి నీళ్లు, వంట సోడా, ఒక పాత బ్రష్షు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

మూడో అంకె ఇంజిన్ నడుస్తున్నప్పటిది, ఇదే ఎక్కువమంది మర్చిపోయేది. ఆల్టర్నేటర్ సరిగ్గా ఉంటే 13.8 నుంచి 14.7 మధ్య ఎక్కడో చూపిస్తుంది. వేసవిలో బానెట్ కింద మండిపోతున్నప్పుడు రెగ్యులేటరే కొంచెం తగ్గిస్తుంది, 13.6 చూసి కంగారు పడనక్కర్లేదు. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు వేసి, ఇంజిన్ వేగం 2,000 దగ్గర పెట్టి చూడాలి. 13 పైన నిలబడితే సరే. 12.4కు పడి ఇంకా దిగుతూ ఉంటే బెల్టు జారుతోంది, లేదా కార్బన్లు అరిగాయి, లేదా డయోడ్లలో ఒకటి పోయింది. ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ కరెంటే. దాన్ని డీసీగా మార్చేవి ఆ డయోడ్లు. మీటరును ఏసీలో పెట్టి అవే రెండు టెర్మినళ్ల మీద చూసినప్పుడు అర వోల్టు దాటితే డయోడు మీద అనుమానం. పోయిన డయోడు బండి ఆగాక రాత్రంతా బ్యాటరీని వెనక్కి తాగేస్తుంది కూడా, కాబట్టి ఒకే లోపం రెండు రోగాల్లా కనబడుతుంది. ఇటు 15 దాటితే ఇంకో ప్రమాదం. రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తోంది. డబ్బా పక్కలు ఉబ్బుతాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఇలాంటి కారులో కొత్త బ్యాటరీ పెట్టడమంటే దాన్ని కూడా తీసుకెళ్లి అదే మంట మీద పెట్టడం. ఏడాది తిరక్కుండా వారంటీ కార్డు పట్టుకుని షాపు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరి సంగతి ఇదే.

పాత బ్యాటరీ స్థానంలో కొత్తది పెట్టిన కారులో ఆల్టర్నేటర్ చచ్చి ఉందనుకుందాం. పగలు నడిచే చిన్న పెట్రోలు కారు పంపు, ఇగ్నిషన్, కంప్యూటరు, ఫ్యాన్లకు కలిపి 15 ఆంపియర్ల చొప్పున వాడినా 35 ఏహెచ్ నిల్వతో రెండు గంటలు నడుస్తుంది. ఇంటికీ ఆఫీసుకూ అరగంట దూరమైతే రెండు రోజులు హాయిగా గడిచిపోతాయి. మూడో రోజు నడిరోడ్డు మీద ఆగాక ‘కొత్త బ్యాటరీయే డూప్లికేటు’ అని షాపువాడి మీద గొడవ. ఈలోపు డాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలుగుతూనే ఉంటుంది. ఆ బొమ్మను చూసి జనం బ్యాటరీ గురించి చెబుతోందనుకుంటారు. అది చార్జింగ్ జరగడం లేదని చెప్పే దీపం. బ్యాటరీ ముసలిదైనా ఆల్టర్నేటర్ బాగుంటే అది వెలగదు. నడుస్తుండగా వెలిగితే ముందు ఏసీ, పాటలు ఆపి, వేడి ముల్లు మీద కన్నేసి దగ్గర్లోని గ్యారేజీకి చేరుకోవాలి. చాలా బళ్లలో నీళ్ల పంపును తిప్పేది కూడా అదే బెల్టు. అది తెగితే ముందు పాడయ్యేది బ్యాటరీ కాదు, ఇంజిన్.

ఆల్టర్నేటర్‌ను పరీక్షించడానికి పాత మేస్త్రీలకు ఒక చిట్కా ఉంది: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేయడం. ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు. ఈ చిట్కాను వెనకేసుకొచ్చేవాళ్లు ‘ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏం కాలేదు’ అంటారు. అంబాసిడర్, పద్మిని కాలంలో కాలేదు, నిజమే. కాలిపోవడానికి వాటిలో కంప్యూటరు లేదు. ఇప్పటి బండిలో ఆల్టర్నేటర్ గట్టిగా చార్జ్ చేస్తున్న క్షణంలో బ్యాటరీని తప్పిస్తే, ఆ కరెంటుకు దారి లేక వోల్టేజి ఒక్కసారి ఎగదన్నుతుంది. వాహనాల ఎలక్ట్రానిక్స్‌కు వర్తించే ఐఎస్ఓ 16750 ప్రమాణం 12 వోల్టుల బండిలో, అణచివేసే ఏర్పాటు లేని పక్షంలో, ఈ దెబ్బ 79 నుంచి 101 వోల్టుల దాకా ఉండవచ్చని లెక్కగట్టి పరికరాలను పరీక్షించమంటుంది. ప్రతిసారీ ఏదో ఒకటి కాలుతుందని కాదు. రెండు వందల రూపాయల మీటరు చెప్పగలిగినదాని కోసం ఈసీయూ అనే ఆ వేల రూపాయల కంప్యూటరును పందెంలో పెట్టడం ఎందుకన్నదే ప్రశ్న. పైగా టెర్మినల్ పీకితే వచ్చే నిప్పురవ్వ దగ్గరే చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంటుంది. జంపర్ కేబుల్స్ పెట్టేటప్పుడు ఆఖరి మైనస్ క్లిప్పును బ్యాటరీకి కాక దూరంగా ఇంజిన్ లోహానికి తగిలించమనేది కూడా అందుకే.

మీటరు మీద పెట్టే అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇప్పటి కార్లలో ఆల్టర్నేటర్ ఎప్పుడూ ఒకే వోల్టేజి ఇవ్వదు. 2015లో మారుతి సియాజ్‌తో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ లాంటి ఏర్పాట్లు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక పెట్రోలు పొదుపు కోసం పెరిగిన తెలివైన చార్జింగ్ పద్ధతులు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చార్జింగ్ తగ్గించి, కాలు తీసినప్పుడు పెంచుతాయి. మైనస్ టెర్మినల్ మీద కూర్చున్న చిన్న సెన్సరు ఇదంతా నడిపిస్తుంది. అలాంటి బండిలో ఒక్క క్షణం మీటరు పెట్టి 12.8 చూసి ఆల్టర్నేటర్ పోయిందంటే అది కూడా బ్యాటరీ మీద వేసిన నిందలాంటిదే. దీనికి జవాబు మీటరును పారేయడం కాదు, ఎక్కువసేపు చూడటం. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, కొన్ని నిమిషాలు నడిపి, వేగం పెంచి తగ్గిస్తూ చూస్తే ఏదో ఒక దశలో 14 దాటాలి. ఎంతసేపు చూసినా ఎక్కకపోతే అప్పుడు అనుమానించాలి. స్టార్ట్ స్టాప్ ఉన్న బండికి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అనే రకం బ్యాటరీ వేస్తారు. దాని స్థానంలో చవకని మామూలుది బిగిస్తే ఆల్టర్నేటర్ ఎంత బాగున్నా అది తొందరగా అలిసిపోతుంది.

‘ఇదంతా స్కానర్ పెడితే చెప్పేస్తుంది కదా’ అన్నది రెండో అభ్యంతరం. స్కానర్ పీ0562 అని చూపిస్తుంది, అంటే వోల్టేజి తక్కువగా ఉందని. ఆ మాట సెల్ఫ్ తీసుకోని బండే చెప్పింది. ఎందుకు తక్కువన్నది స్కానర్‌కు తెలియదు. పైగా వోల్టేజి పడిపోయినప్పుడు పవర్ స్టీరింగ్, ఏబీఎస్ లాంటివి ఒక్కసారిగా తమ తమ ఫిర్యాదులు రాసుకుంటాయి. వాటన్నిటినీ నమ్మితే బండి సగం మార్చాలి. షాపుల్లో చీటీ ప్రింటు చేసే చిన్న టెస్టర్లు మంచివే. అవి బ్యాటరీ లోపలి నుంచి కరెంటు ఎంత సులువుగా వస్తుందో కొలుస్తాయి. కానీ ఖాళీ బ్యాటరీ మీద పెడితే ‘చార్జ్ చేసి మళ్లీ చూడు’ అనడం వాటి నిజాయితీ. ఆ మాటను పట్టించుకోకుండా చీటీలోని ఎర్ర గీత చూపించి బ్యాటరీ అమ్మడం మనిషి పని.

కరెంటు కారిపోయే రోగం వీటన్నిటిలోకీ దొంగది, ఎందుకంటే పైన చెప్పిన మూడు అంకెలూ పగలు సవ్యంగా వచ్చి బండి పొద్దున్నే మళ్లీ మొరాయిస్తుంది. తాళం వేసిన కారు కూడా గడియారానికి, రిమోట్ తాళానికి, కంప్యూటర్ల జ్ఞాపకానికి కొంచెం కరెంటు తీసుకుంటుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అదైనా రోజుకు 1.2 ఏహెచ్, కదలకుండా నిలబెడితే 35 ఏహెచ్ బ్యాటరీ పదిహేను రోజుల్లో సగమవుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై వారాల తరబడి సెల్లార్లలో నిలిచిన కార్లు చాలావరకు మొరాయించడానికి ఇంతకు మించిన మర్మం లేదు. ఆ బ్యాటరీల్లో ఎన్నింటికో చార్జింగ్ చాలేది. డిక్కీ మూతపడ్డాక కూడా వెలిగే 5 వాట్ల బల్బు రోజుకు 10 ఏహెచ్ తాగుతుంది. బయట పెట్టించిన జీపీఎస్ ట్రాకరు, డాష్‌క్యామ్, తప్పు వైరుకు కలిపిన మ్యూజిక్ సిస్టమ్ అనుమానితుల్లో ముందుంటాయి. ఫాస్టాగ్ మీద మాత్రం ఆ నింద వేయొద్దు, దానికి కారు బ్యాటరీతో సంబంధమే లేదు. దొంగను పట్టాలంటే మైనస్ వైరు మీద డీసీ క్లాంప్ మీటరు వేసి, తలుపులు మూసి, కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంటో గంటో ఆగి చూడాలి. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోవాలి. ఏది తీయగానే అంకె దిగుతుందో ఆ లైనులోనే ఉంటుంది. ఈ పని ఓపిక ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ది. పని గంటలకు కూలి ఇవ్వడానికి మనం వెనకాడి, వస్తువుకైతే మారు మాట్లాడకుండా డబ్బు కడతాం. అతను వస్తువు అమ్మడం నేర్చుకున్నాడంటే అందులో మన వాటా లేదనలేం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. మన ఎండలకు బ్యాటరీ ఎలాగూ మూడు నుంచి ఐదేళ్లకు మించి నిలవదు. నాలుగేళ్లు దాటిన బండి మొరాయిస్తే అది బ్యాటరీయే అయి ఉండే అవకాశం ఎక్కువ. పరీక్షల గొడవ లేకుండా మార్చేస్తే నష్టమేంటి? ఈ మాటలో బలం ఉంది. బ్యాటరీ డబ్బా మీద సీసీఏ అని రాసే అంకె మైనస్ 18 డిగ్రీల చలిలో ఎంత కరెంటు ఇస్తుందో చెబుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో దాంతో మనకు పనేముంది! ఇక్కడ బ్యాటరీని చంపేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు దాదాపు రెట్టింపు వేగంతో సాగి సీసపు జాలీని తినేస్తాయి, నీటిని ఆవిరి చేస్తాయి. దెబ్బ తినేది మే నెలలో. బయటపడేది తర్వాత, ఆదిలాబాదులో డిసెంబరు పొద్దుటి చలికి ఇంజిన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాల్సి వచ్చినప్పుడు. కాబట్టి నాలుగేళ్లు దాటిన బ్యాటరీని అనుమానించడం సబబే. కానీ అనుమానం పరీక్షను మొదలుపెట్టడానికి కారణం కావాలి, మానేయడానికి కాదు. బ్యాటరీ నాలుగేళ్లకు చచ్చిందంటే అదే బెల్టూ, అవే కార్బన్లూ నాలుగేళ్లు అరిగినట్టే కదా. నిజంగానే ముసలి బ్యాటరీ అయినా, దాన్ని ఎప్పటికీ నింపలేక ఆల్టర్నేటర్ రోజంతా పూర్తి లోడు మీద వేడెక్కి దెబ్బతిని ఉండొచ్చు. కొత్తది బిగించాక ఇంజిన్ నడుపుతూ మూడో అంకె చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కుర్రాడికి డబ్బిచ్చే ముందు పట్టాలి, తర్వాత కాదు.

పాత బ్యాటరీ విషయంలోనూ అంతే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీ చెత్తలోకి కాక రీసైక్లింగ్‌కు చేరాలి. సీసం విషం కాబట్టి అది మంచి నిబంధనే. కాకపోతే మార్చిన పది నిమిషాల్లో సాక్ష్యం ఇంటి నుంచి వెళ్లిపోతుంది. అప్పగించే ముందు చార్జ్ చేసి టెస్టర్ చీటీ తీయమని అడిగే హక్కు కొనేవాడికుంది. కొత్త డబ్బా మీద తయారీ తేదీ చూడాలి. 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా సంస్థ బ్యాటరీలు చేసే చోట్లలో ఒకటి తిరుపతి పక్కన కరకంబాడి. ఫ్యాక్టరీ పొరుగూరిదైనా షాపు అరలో నెలల తరబడి ఎండకు కూర్చున్న బ్యాటరీ తనకు తానే దిగిపోతూ ఉంటుంది. అలాంటిది బిగించే ముందు మీటరులో 12.4 కంటే తక్కువ చూపిస్తే వేరేది ఇవ్వమనాలి. లేబుల్ మీద 38బీ20ఎల్ లాంటి అక్షరాల్లో చివరిది టెర్మినల్ ఏ పక్కనుందో చెబుతుంది. ఆర్‌కు బదులు ఎల్ తెస్తే వైరు చాలక లాగి బిగిస్తారు, అదే రేపటి లూజ్ కాంటాక్ట్.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి, ఈ పంచాయితీ అంతా పోతుందని కొందరి ఆశ. పోదు. కింద వందల వోల్టుల పెద్ద బ్యాటరీ ఉన్నా, దాన్ని బండికి కలిపే కాంటాక్టర్లనూ తలుపు తాళాలనూ కంప్యూటర్లనూ నడిపేది బానెట్ కింద ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. నెక్సాన్ ఈవీలోనూ అది ఉంది. అది దిగిపోతే కింద పూర్తి చార్జ్ ఉన్నా బండి నిద్ర లేవదు. ఆల్టర్నేటర్ స్థానంలో డీసీ-డీసీ కన్వర్టర్ దాన్ని నింపుతుంది, కాబట్టి బండి రెడీలో పెట్టినప్పుడు చిన్న బ్యాటరీ మీద వోల్టేజి పెరుగుతుందో లేదో చూడటం ఇక్కడా అవసరమే. తేడా ఒక్కటే. పెట్రోలు కారు సెల్ఫ్ బరువుగా, నెమ్మదిగా తిరుగుతూ కొన్ని వారాల ముందే మన చెవిలో వేస్తుంది. ఈవీలో సెల్ఫ్ లేదు, దాని మూలుగూ లేదు. నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచి పొద్దున తలుపే తెరుచుకోదు. చెవితో రోగం చెప్పే మేస్త్రీకి అక్కడ వినడానికి ఏమీ ఉండదు, మిగిలేది మీటరొక్కటే.